విషాల ఆరా తీసిన డాక్టరమ్మ

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే గూట్లోంచి థర్మామీటరు బయటికి వచ్చేది. అది చేయిజారి పగిలిందంటే అమ్మ చేత తిట్లు సరే, పిల్లలకు మాత్రం పండగే. నేలమీద వెండిముత్యాల్లా దొర్లే పాదరసాన్ని వేలితో ముక్కలు చేయడం, మళ్లీ ఒకటిగా కలపడం, అగ్గిపెట్టెలో దాచుకుని బడికి పట్టుకెళ్లి అందరికీ చూపించడం... మీలోనూ చాలామంది ఈ ఆట ఆడే ఉంటారు. అది మామూలు గది వేడికే కంటికి కనబడకుండా ఆవిరవుతుందనీ, ఊపిరితో పాటు లోపలికి పోతుందనీ అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి పెద్దవాళ్లకు మాత్రం తెలిస్తే కదా!

నాలుగు చుక్కలతోనే ఇంత జాగ్రత్త పడాలంటే, రోజంతా ఆ ఆవిరి మధ్యనే నిలబడి పనిచేసినవాళ్ల గతేమిటి? వందేళ్ల కిందట అమెరికాలో ఈ ప్రశ్న పట్టుకుని ఫ్యాక్టరీ గడపలు ఎక్కి దిగిన డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. ఆవిడ పేరు ఆలిస్ హామిల్టన్. చేతిలో అధికారం లేదు, వెనక బలగం లేదు. ఉన్నదల్లా ఓపిక, ఒక నోటు పుస్తకం. ఆ రెండింటితోనే ఆవిడ ఒక దేశం చేత చట్టాలు చేయించారు.

బడికి వెళ్లని చదువు

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్కులో పుట్టారు. పెరిగింది మాత్రం ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో. అక్క ఈడిత్, చెల్లెళ్లు మార్గరెట్, నోరా, ఆ తర్వాత చాలా ఏళ్లకు ఒక తమ్ముడు. పక్కపక్క ఇళ్లలోనే బంధువుల పిల్లలు. ఒకరకంగా మన ఉమ్మడి కుటుంబం లాంటిదే. ఆ ఇంటి ఆడపిల్లలు చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. బళ్లో చెప్పే చదువు తల్లిదండ్రులకు నచ్చక ఇంట్లోనే భాషలు, సాహిత్యం నేర్పించారు. ఆ ఈడిత్ పెద్దయ్యాక గ్రీకు పురాణ కథలు రాసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు.

1885లో తండ్రి వ్యాపారం దెబ్బతింది. అప్పటిదాకా కలిగినింటి పిల్లలే అయినా ఇక ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాల్సిన పరిస్థితి. ఆలిస్ డాక్టరీ ఎంచుకున్నారు. సైన్సు మీద మోజు కన్నా, డాక్టరైతే ఏ ఊరికైనా వెళ్లొచ్చు, ఎక్కడైనా పదిమందికి పనికిరావచ్చు అన్న ఆలోచనే ఎక్కువ. ఇంట్లో చదివిన సాహిత్యం మెడికల్ కాలేజీకి ఏం అక్కరకొస్తుంది? సైన్సు పాఠాలు విడిగా చెప్పించుకుని, కిందా మీదా పడి 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. తర్వాత అక్క ఈడిత్‌తో కలిసి జర్మనీ వెళ్లారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్లను పాఠాలు విననిచ్చేవారు గానీ, ఎవరి కంటా పడకుండా ఓ మూల కూర్చోవాలట! ఆ మూల కూర్చునే చదువుకున్నారు.

ఈగలు నేర్పిన పాఠం

1897లో చికాగోలో ఆడపిల్లల మెడికల్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఊళ్లోనే జేన్ ఆడమ్స్ నడిపే హల్ హౌస్ అనే సేవాసదనంలో ఆలిస్ మకాం పెట్టారు. జేన్ ఆడమ్స్ అంటే 1931లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మహా ఇల్లాలు. చదువుకున్న ఆడవాళ్లు కొందరు అక్కడే ఉంటూ, చుట్టుపక్కల పేటల్లోని పేదల మంచీచెడూ చూసేవారు. ఇటలీ నుంచి, పోలండు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పొట్టచేత పట్టుకుని వచ్చిన కూలీల పేటలవి. ఆలిస్ అక్కడ పసిపిల్లలకు వైద్యం చేసేవారు, తల్లులకు స్నానాలు పోయడం దగ్గర్నుంచి జాగ్రత్తలు చెప్పేవారు.

1902లో ఆ పేటల్ని టైఫాయిడ్ చుట్టేసింది. మరుగుదొడ్ల మీద వాలే ఈగలే కారణమై ఉంటాయని ఆలిస్ వాటిని పట్టి పరీక్ష చేస్తే టైఫాయిడ్ క్రిములు కనబడ్డాయి. పత్రికల్లో వచ్చింది, మంచి పేరొచ్చింది. అయితే అసలు కారణం వేరని తర్వాత బయటపడింది. మంచినీళ్ల గొట్టాల్లో మురుగు కలిసింది, ఆ సంగతి నగర ఆరోగ్యశాఖ దాచిపెట్టింది. తన లెక్క తప్పిందని ఆలిస్ ఆ తర్వాత దాచుకోలేదు. తన జీవితకథలో కూడా ఒప్పుకుని రాశారు. ఊహతో తృప్తిపడకూడదు, చివరిదాకా వెళ్లి చూడాలి, పెద్దలు దాచేది ఏదో ఉండే ఉంటుంది... ఈ పాఠం ఆవిడకు జీవితాంతం పనికొచ్చింది.

వంటింట్లో దొరికిన సాక్ష్యం

హల్ హౌస్ చుట్టుపక్కల ఆలిస్‌కు ఓ వింత కనబడింది. పట్టుమని నలభై ఏళ్లు లేని మగవాళ్లు చేతులు చచ్చుబడి, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ మంచాన పడుతున్నారు. యూరప్ దేశాల్లో అప్పటికే ఇలాంటి జబ్బుల మీద పుస్తకాలున్నాయి, చట్టాలున్నాయి. అమెరికాలో మాత్రం మా ఫ్యాక్టరీలు శుభ్రంగా ఉంటాయి, మాకా బాధ లేదు అనే ధీమా.

1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం పనిచోట వచ్చే జబ్బుల మీద సర్వే చేయించింది. అమెరికాలో అలాంటి సర్వే అదే మొదలు. దాన్ని నడిపే బాధ్యత ఆలిస్‌కి అప్పజెప్పారు. ఆవిడ ముఖ్యంగా సీసం వెంట పడ్డారు. ఫ్యాక్టరీలో అడిగితే కూలీలు నోరు విప్పరు. పక్కనే మేస్త్రీ ఉంటాడు, ఉద్యోగం పోతుందన్న భయం. అందుకని ఆలిస్ వాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. వంటింట్లో కూర్చుని ఇల్లాళ్లతో మాట్లాడేవారు. మొగుడికి ఎప్పట్నుంచి అన్నం సయించడం లేదో, చెయ్యి ఎప్పుడు జారిపోయిందో, ఎన్ని రోజులు పనికి పోలేదో భార్య కన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఆస్పత్రి రిజిస్టర్లు తిరగేశారు. మందుల షాపులవాళ్లను, చర్చి ఫాదర్లను, చివరికి సారా దుకాణాల వాళ్లను కూడా అడిగారు. అలా ఒక్కొక్క పేరే రాసుకుంటూ పోతే ఐదు వందలకు పైగా సీసం రోగుల లెక్క తేలింది. సీసం తగిలే పనులు డెబ్బైకి పైగా ఉన్నాయని కూడా తేలింది.

ఆ రోజుల్లో ఒక కూలీ స్నానాల తొట్లకు తెల్ల ఎనామిల్ పూత వేసే పనిలో సీసం విషం తగిలి ఆస్పత్రిపాలయ్యాడు. ఆలిస్ ఆ ఫ్యాక్టరీకి వెళితే అక్కడ అంతా సవ్యంగానే ఉంది. సీసం జాడే లేదు. తీరా విచారిస్తే ఆవిడకు చూపించింది చివరి మెరుగులు దిద్దే చోటు మాత్రమే! అసలు పని వేరే చోట. ఎర్రగా కాలిన ఇనప తొట్టి మీద పొడి చల్లుతుంటే ఆ దుమ్మంతా మనుషుల ముక్కుల్లోకి పోతోంది. ఆ పొడిలో ఐదోవంతు దాకా సీసమే. తళతళలాడే తెల్ల తొట్టి ఎవరి స్నానాల గదిలోనో... చేతులు పడిపోయిన మనిషి ఇంకెక్కడో.

యజమానులు చాలామంది ఒకటే మాట చెప్పేవారు. కూలీలు చేతులు కడుక్కోకుండా తింటారు, తాగుతారు, అందుకే జబ్బులొస్తాయి అని. ఆలిస్ దానికి ఒప్పుకోలేదు. విషం దుమ్ముగా, ఆవిరిగా ఊపిరితో పోతున్నప్పుడు చేతులు ఎంత కడుక్కుంటే మాత్రం ఏం లాభం? గాలిని బాగుచేయాల్సింది ఫ్యాక్టరీ, కూలీ కాదు అన్నది ఆవిడ వాదన. తప్పు ఎప్పుడూ బాధపడేవాళ్ల మీదికే నెట్టడం మన ఆడవాళ్లకు మాత్రం కొత్తా?

అందరూ అలాంటి యజమానులే కాదు. నేషనల్ లెడ్ కంపెనీ ఉపాధ్యక్షుడు ఎడ్వర్డ్ కార్నిష్ తన మనుషులకు సీసం విషం తగిలిందంటే మొదట నమ్మలేదు, రుజువు చూపించమన్నారు. ఆలిస్ వెళ్లి ఆస్పత్రి దాకా వెళ్లిన 22 మంది వివరాలు తెచ్చి ముందు పెట్టారు. ఆయన మాట మీద నిలబడి దుమ్ము పీల్చేసే యంత్రాలు పెట్టించారు, డాక్టర్లను నియమించారు. ఇలాంటి మంచి మనుషులుంటే సంతోషమే. కానీ ప్రతి కార్ఖానాకీ ఓ కార్నిష్ దొరకడు కదా! కూలీ ప్రాణం యజమాని మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు. అందుకే చట్టం కావాలి. సర్వే అయిన మరుసటేడు, 1911లో, ఇల్లినాయ్‌లో చట్టం వచ్చింది. విషంతో పనిచేసేవాళ్లకు రక్షణ కల్పించాలి, నెలనెలా డాక్టరు చేత పరీక్ష చేయించాలి.

వణికే చేతులు

1911 నుంచి ఆలిస్ కేంద్ర ప్రభుత్వ కార్మికశాఖ తరఫున దేశమంతా తిరిగారు. 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆవిడను పిలిచి అధ్యాపకురాలిని చేసింది. ఫ్యాక్టరీ జబ్బుల గురించి ఆవిడకు తెలిసినంతగా తెలిసిన మగవాడు దొరకలేదు మరి! అప్పటిదాకా హార్వర్డ్‌లో పాఠం చెప్పిన ఆడది లేదు. పిలిచారు గానీ మూడు షరతులు పెట్టారు. అధ్యాపకుల క్లబ్బులో అడుగు పెట్టకూడదు. ఫుట్‌బాల్ ఆటకు టిక్కెట్లు అడగకూడదు. పట్టాల పండగనాడు ఊరేగింపులో నడవకూడదు. సరేనని చేరారు. ఏడాదిలో సగం రోజులు పాఠాలు, మిగతా సగం ఫ్యాక్టరీల చుట్టూ తిరగడం. 1935లో రిటైరయ్యేదాకా అసిస్టెంట్ ప్రొఫెసరుగానే ఉంచారు, ఒక్క ప్రమోషనూ ఇవ్వలేదు.

ఇక పాదరసం సంగతికి వద్దాం. ఆ రోజుల్లో పెద్దమనిషి అన్నవాడు టోపీ లేకుండా వీధిలోకి వచ్చేవాడు కాదు. ఆ మెత్తని ఫెల్ట్ టోపీలను కుందేలు బొచ్చుతో చేసేవారు. బొచ్చు ఒకదానికొకటి పెనవేసుకుని దళసరి బట్టలా కావడానికి పాదరసం కలిపిన మందు పూసేవారు. దాన్ని ఆరబెట్టినా, ఆవిరి పట్టినా, వేడినీళ్లలో ముంచి టోపీగా సాగదీసినా పాదరసం గాలిలోకి లేచేది. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్బరీ ఈ టోపీలకు పెట్టింది పేరు. టోపీలకే కాదు, టోపీ కార్మికుల వణుక్కి కూడా! ఆ వణుకుని ఊరి పేరుతోనే పిలిచేవారు.

ఆలిస్ టోపీల కార్మికుల మీద చేసిన పరిశీలన 1922లో అచ్చయింది. చిగుళ్లు వాచి పళ్లు కదిలిపోవడం, నోట్లోంచి చొల్లు, చేతులు వణికి కప్పు పట్టుకోలేకపోవడం ఒక ఎత్తు. మనసుకు పట్టే జబ్బు ఇంకో ఎత్తు. కలుపుగోలుగా ఉండే మనిషి నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు, ఎవరైనా తనని చూస్తున్నారంటే చాలు చిరాకు పడతాడు, ఊరికే ఏడుస్తాడు, కసురుకుంటాడు. ఇంట్లో ఆడవాళ్లకు ఇదంతా అతని గుణమే మారిపోయిందని అనిపించేది. అది గుణం కాదు, విషం. టోపీలవాళ్లకు పిచ్చి అంటగట్టే ఇంగ్లీషు సామెత ఈ జబ్బు వల్లే పుట్టిందని చాలామంది అంటారు.

రిపోర్టు రాగానే టోపీల్లో పాదరసం ఆగిపోయిందనుకుంటే పొరపాటే. ఆగింది 1941లో! పందొమ్మిదేళ్లు పట్టింది. ప్రభుత్వ ఆరోగ్యశాఖ మళ్లీ పరీక్షలు చేసింది, పాదరసం లేకుండా బొచ్చు తయారుచేసే పద్ధతులు వచ్చాయి, యుద్ధానికి పాదరసం అవసరమైంది. అన్నీ కలిసొస్తే తప్ప ఆ వాడకం ఆగలేదు. నిజం తెలియడానికీ, ఆ నిజం కాగితం మీద కట్టడి కావడానికీ మధ్య ఎన్ని చేతులు వణికాయో!

గోడ దాటిన విషం

1920ల దాకా ఈ విషాలు ఫ్యాక్టరీ గోడల మధ్యనే ఉన్నాయి. పెట్రోలులో సీసం కలపడం మొదలయ్యాక వీధిలోకి వచ్చాయి. ఆ మందు తయారుచేసే చోట 1924లో కార్మికులు మతిచలించి చనిపోయారు. 1925 మే నెలలో వాషింగ్టన్‌లో పెద్ద సభ పెట్టారు. కంపెనీల తరఫున వచ్చినవాళ్లు దీనివల్ల జనానికి హాని ఉందని రుజువేదీ అని అడిగారు. ఆలిస్ వాదన దానికి ఎదురు. జనం మీదికి వదిలేముందు హాని లేదని వాళ్లే చూపించాలి, వీధుల నిండా చల్లాక రోగుల్ని లెక్కపెట్టడం కాదు, సీసం లేని దారి వెతకండి అన్నారు. ఆ సభలో ఆవిడ మాట నెగ్గలేదు. మన దేశంలో పెట్రోలు బంకుల్లో సీసం పోయింది 2000లో. ప్రపంచంలో చివరి దేశం మానింది 2021లో. ఆవిడ అడ్డుపడిన నాటి నుంచి లెక్కేస్తే తొంభై ఆరేళ్లు.

ఆలిస్ తర్వాత కూడా ఖాళీగా కూర్చోలేదు. రిటైరయ్యాక కృత్రిమ పట్టు ఫ్యాక్టరీల్లో విషవాయువుల ఆరా తీశారు. 1943లో తన జీవితకథ రాశారు. అక్కాచెల్లెళ్లు నలుగురిలో ఎవరూ పెళ్లి చేసుకోలేదు. కనెక్టికట్‌లో నది ఒడ్డున ఉన్న ఇంట్లో చెల్లెలు మార్గరెట్‌తో కలిసి చివరి రోజులు గడిపారు. తొంభై దాటాక కూడా వియత్నాం యుద్ధం ఆపమని సంతకం పెట్టిన మనిషి. 1970 సెప్టెంబర్ 22న కన్నుమూశారు. నూటొక్క ఏళ్లు. సరిగ్గా మూడు నెలలు దాటాక, డిసెంబర్ 29న, పనిచోట కార్మికుల రక్షణకు అమెరికా దేశమంతటికీ వర్తించే చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశారు. రెండు రోజులకే స్వచ్ఛమైన గాలి కోసం మరో గట్టి చట్టం. ఆవిడ ఆ రెండూ చూడలేదు.

మన ఇంటి దీపం దాకా

ఇప్పుడు పాదరసం గాలిలోకి వచ్చే పెద్ద దారుల్లో ఒకటి కరెంటు తయారీ. బొగ్గులో పాదరసం అతి స్వల్పంగా ఉంటుంది. కానీ థర్మల్ కేంద్రంలో కాల్చేది కిలోలు కాదు, లక్షల టన్నులు. కాలగానే పాదరసం ఆవిరై పొగగొట్టం లోంచి పోతుంది. ఎక్కడో వానతో పాటు చెరువులోనో సముద్రంలోనో పడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇంకా చెడ్డ రూపానికి మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకు, చేప నుంచి మన కంచంలోకి వస్తుంది. గర్భిణి తింటే మాయని దాటి కడుపులో బిడ్డ మెదడుకు చేరుతుంది. జపాన్‌లోని మినమాటాలో ఓ రసాయనాల ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లో చేరి ఎందరు బిడ్డల్ని పుట్టుకతోనే అవిటివాళ్లను చేసిందో 1956 తర్వాత లోకమంతా చూసింది. అందుకే సొరచేప లాంటి పెద్ద చేపలు గర్భిణులు తినొద్దనీ, చిన్న చేపలు తినొచ్చనీ అమెరికా ప్రభుత్వం సలహా ఇస్తుంది.

థర్మల్ కేంద్రాల పాదరసానికి దేశమంతా ఒకే హద్దు పెడుతూ అమెరికా నిబంధన తెచ్చింది 2011 డిసెంబర్‌లో. తర్వాతి కొన్నేళ్లలో ఆ పాదరసం ఎనభై శాతానికి పైగా తగ్గింది. బొగ్గు వాడకం తగ్గడమూ అందుకు ఒక కారణం. ఖర్చు ముందే లెక్క చూడలేదని 2015లో అక్కడి సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ తర్వాత కూడా ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ నిబంధనను ఒకరు బిగించడం, ఒకరు సడలించబోవడం. యంత్రాల ఖర్చుకు బిల్లు ఉంటుంది, మందబుద్ధితో పుట్టని బిడ్డకు బిల్లు ఉండదు. అదే చిక్కు.

మన దేశంలోనూ 2015 డిసెంబర్‌లో కేంద్రం హద్దు పెట్టింది. పాత చిన్న యూనిట్లు మినహా, ఘనపు మీటరు పొగలో 0.03 మిల్లీగ్రాములకు మించి పాదరసం ఉండకూడదు. పాల్వంచ, రామగుండం, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్లకు బూడిద సంగతి తెలుసు, దండెం మీది బట్టల్ని అడిగితే చెబుతాయి. పాదరసం అలా కనబడదు. కొలిస్తేనే తెలుస్తుంది. కొలిచారా, ఎంత వచ్చింది, ఎవరికి చెప్పారు... అని అడిగేవాళ్లుండాలి. ఆలిస్ హామిల్టన్ జీవితమంతా చేసింది అదే. 1995లో అమెరికా ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

అన్నట్టు, మీ ఇంట్లో ఇంకా పాత గాజు థర్మామీటరు ఉంటే భద్రంగా పెట్టండి. పగిలితే పిల్లల్ని ముందు బయటికి పంపి, కిటికీలు తెరవండి. చీపురుతో ఊడవకండి, ముక్కలై ఇంకా చెదురుతుంది. గట్టి కాగితంతో మెల్లగా ఒకచోటికి చేర్చి మూత ఉన్న సీసాలో పోయండి. సింకులోకి మాత్రం వదలకండి. అక్కడ్నుంచి అది ఎక్కడికి వెళుతుందో ఇప్పుడు మనకు తెలుసు కదా!